వాడపల్లిలో మకాం, సైడ్‌కారులో నాయనమ్మ

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా కూతురి కూతురు షారోన్ ఏ.ఎస్. రావు నగర్ నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చింది. గేటు ముందు బండి ఆపి, గుండిగంత హెల్మెట్ తీసి, దాన్ని సోఫాలో నా పక్కన కూర్చోబెట్టి తను కింద చతికిలబడింది. నాకు తొంభై దగ్గరపడుతున్నాయని నాతో మాట్లాడే వాళ్లందరూ గట్టిగా అరుస్తారు. ఇదొక్కతే మామూలుగా మాట్లాడుతుంది, అందుకేనేమో దాని మాటలే నాకు బాగా వినిపిస్తాయి. వచ్చే వారం నలుగురు ఆడపిల్లలు కలిసి బళ్ల మీద పోతున్నారట. "వాడపల్లి అని ఒక ఊరుంది అమ్మమ్మా, నీకు తెల్వదు. కృష్ణ ఒడ్డున. ఫుల్ సైలెంట్. అక్కడ రూమ్ తీసుకొని దాన్నే బేస్ పెట్టుకుంటం. పొద్దున్నే లేచి ఒక రోజు సాగర్ సైడు, ఇంకో రోజు పల్నాడు సైడు. రాత్రికి మళ్లీ వచ్చి పండుకునుడే" అంది.

నాకు నవ్వాగలేదు. "మేం దాన్ని మకాం అనేవాళ్లం" అన్నాను.

"మేం అంటే ఎవరు?"

"నేనూ, మా చిన్నాయనా, మా నాయనమ్మా."

"మీ నాయనమ్మ బైక్ మీదా!"

"బైక్ మీద కూర్చోవడానికి ఆమెకేం ఖర్మ? పక్కన సైడ్‌కారులో, మహారాణిలాగా" అన్నాను. షారోన్ ఫోను పక్కన పడేసింది. ఆ పిల్ల ఫోను పక్కన పడేయడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ సాయంత్రం దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మారేడ్‌పల్లిలో మాది అప్పట్లో పెంకుటిల్లు. ముందు వసారా, వెనక బావి, బావి పక్కన జామచెట్టు. తెల్లవారుజామున మమ్మల్ని లేపేవి నాయనమ్మ తుమ్ములు. ఆమె పేరు సుగుణమ్మ. కళ్లు తెరవగానే దిండు కింది నుంచి నశ్యం డబ్బీ తీసి ఓ పట్టు పట్టేది, వరసగా తుమ్మేది, తర్వాత మంచం మీదే మోకాళ్లూని ప్రార్థన మొదలుపెట్టేది. ఎదురింటి వాళ్లు కూడా ఆమేన్ చెప్పుకోవచ్చు, అంత గట్టిగా. ఇంట్లో ఒక్కొక్కరినీ పేరు పెట్టి దేవుడికి అప్పజెబుతూ, పనిలో పనిగా వాళ్ల తప్పులన్నీ ఏకరువు పెట్టేది. "ప్రభువా, పెద్దాడు ఆఫీసులో కోపం ఇంటికి తెచ్చి కంచం మీద చూపిస్తాడు, వాణ్ణి చల్లబరచు. ఈ దానం గాడు పెళ్లి మాటెత్తితే లేచి బండి తుడుచుకుంటాడు, వాడి మెడలు వంచు. ఎస్తేరు అద్దం ముందు నించి కదలదు, దానికి బుద్ధి నువ్వే చెప్పాల." పెద్దాడంటే మా నాన్న, దానం మా చిన్నాయన, ఎస్తేరు అంటే నేను. ఆమెకు మా మీద ఏ కోపం ఉన్నదీ మాకు ప్రార్థనలోనే తెలిసేది. మొహం మీద అడిగితే నాకేం కోపం అనేది. ఆ గొంతు వింటూ పక్క మీద దొర్లుతుంటే వంటింట్లో కుంపటి రాజేసిన బొగ్గు వాసన, వెనకాలే ఏలకులు దంచి వేసిన చాయ్ వాసన వచ్చేవి. శనివారం సాయంత్రాలు వాటికి గంజి వాసన తోడయ్యేది. మర్నాడు చర్చికి కట్టుకోవలసిన తెల్లచీరలు బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద చుయ్యిమంటూ ఉండేవి.

ఆ ఇంట్లోనే చిన్ననాయనమ్మ రత్నమ్మ ఉండేది. నాయనమ్మకు సొంత చెల్లెలు. ఇద్దరూ పల్నాడులో ఒక చిన్న పల్లెలో పుట్టారు. మా తాతయ్యకు ఇక్కడ కంటోన్మెంటు ఆస్పత్రిలో కంపౌండరు ఉద్యోగం రావడంతో నాయనమ్మ సికింద్రాబాదు వచ్చింది. రత్నమ్మకు పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోతే ఆమెనూ తెచ్చి ఇంట్లో పెట్టుకుంది. నాయనమ్మ బొద్దుగా, తెల్లగా, నోరు విప్పితే గలగలా. చిన్ననాయనమ్మ సన్నగా, నల్లగా, మాటలో మహా పొదుపు. ఆ వచ్చే మాట కూడా మగవాళ్ల గొంతులా లోతుగా వచ్చేది. ఇద్దరూ ఒకే కంచంలో పచ్చడి మెతుకులు కలుపుకుని తినేవారు, ఒకే మంచం మీద కూర్చుని ఒకరి తల ఒకరు దువ్వుకునేవారు. వాళ్లిద్దరికీ పేచీ వచ్చేది ఒక్క ఆదివారం నాడే.

ఆ పేచీ అర్థం కావాలంటే మా చర్చి సంగతి చెప్పాలి. దొరలు కట్టించిన పెద్ద చర్చి కాదు మాది, రేకుల కప్పు తెలుగు చర్చి. హార్మోనియం ఉండేది గాని దాని తిత్తిని ఎలుకలు ఎప్పుడో కొట్టేశాయి. కాబట్టి ప్రతి కీర్తననూ ఎవరో ఒక పెద్దామె ఎత్తాలి. ఎత్తడమంటే మొదటి వరస ఆమె ఒక్కతే పాడాలి, ఆమె పట్టిన శ్రుతిని మిగతా జనమంతా అందుకోవాలి. చిన్న విషయంలా ఉంటుంది గాని అది పెద్దరికం. మా చర్చిలో ఆ పెద్దరికం మా నాయనమ్మది. చీర చెంగు చాటున నశ్యం ఓ పట్టు పట్టి, గొంతు సవరించుకుని, ఆమె పాటను తీసుకెళ్లి మిద్దె మీద పెట్టేది. అంత ఎత్తుకి ఎవరూ ఎక్కలేరు. రెండో వరసకే మగవాళ్లు మూలగడం, పిల్లలు కీచుమనడం మొదలయ్యేది. అప్పుడు పక్కనే కూర్చున్న చిన్ననాయనమ్మ, తల కూడా తిప్పకుండా, అదే పాటను కింది శ్రుతిలో అందుకునేది. జనం హమ్మయ్య అనుకుని ఆమె వెంట దిగేవారు. మా నాయనమ్మ మూతి మూడు వంకర్లు పోయేది. మధ్యాహ్నం మాంసం కూర వడ్డించే దాకా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేది కాదు. కూర బాగుంటే అన్నీ మరిచిపోయేది.

పోలీసు యాక్షన్‌కు కొంచెం ముందు సంగతి. రజాకార్లనే మాట వినపడితే చాలు, వీధి తలుపులు మూతపడే రోజులు. రేపో మాపో సికింద్రాబాదు మీద బాంబులు పడతాయని ఒకరు, బావుల్లో విషం కలుపుతారని ఇంకొకరు. ఎంతోమంది మూటాముల్లే కట్టుకుని రైలెక్కి బెజవాడ వైపు పోతున్నారు. మనమూ పల్నాడు పోదాం అక్కా అని చిన్ననాయనమ్మ బతిమాలేది. ఈ గడప దిగను, చస్తే ఇక్కడే చస్తానని నాయనమ్మ. అందరి నరాలూ తెగేలా ఉన్న ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, సగం ఖాళీగా ఉన్న చర్చిలో, నాయనమ్మ ఎప్పటిలాగే పైన ఎత్తింది, చిన్ననాయనమ్మ ఎప్పటిలాగే కిందికి దించింది. ఎన్నడూ లేనిది నాయనమ్మ మధ్యలో పాట ఆపేసి కూలబడింది. ఇంటికొచ్చాక, అన్నాల దగ్గర, అందరం వింటుండగా అనేసింది: "నా ఇంట్లో ఉంటా, నా నోట్లో పాట లాక్కుంటావటే?"

చిన్ననాయనమ్మ కలిపిన ముద్ద కంచంలోనే పెట్టి చెయ్యి కడుక్కుంది. మర్నాడు తెల్లవారకముందే రెండు చీరలు ట్రంకుపెట్టెలో సర్దుకుని, స్టేషనుకు పోతున్న పక్కింటివాళ్లతో కలిసి వెళ్లిపోయింది. ఆమె గడప దాటుతున్నప్పుడు నాయనమ్మ ప్రార్థనలో ఉంది. ఆ రోజు ప్రార్థన ఎంతకూ తెమలలేదు. బండి కదిలిన చప్పుడు వినిపించాక కూడా ఆమె కళ్లు తెరవలేదు. ఆ తర్వాత కొద్దిరోజులకే పోలీసు యాక్షన్ వచ్చింది. మేం కుండల్లో, గంగాళాల్లో నీళ్లు నింపుకుని, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని లోపల కూర్చున్నాం. అనుకున్నదానికన్నా తొందరగానే అయిపోయింది. మిలిటరీ లారీలు వస్తుంటే జనం గోడలెక్కి చూశారు. నాయనమ్మ మాత్రం గేటు పట్టుకుని స్టేషను రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే పెట్టెలతో తిరిగొస్తున్నారు. పక్కింటివాళ్లు కూడా వచ్చారు. చిన్ననాయనమ్మ రాలేదు, ఉత్తరం ముక్క కూడా రాలేదు. నాయనమ్మ పొద్దుటి ప్రార్థనలోంచి రత్నం అనే పేరు పోయింది.

మా చిన్నాయన దేవదానం గురించి ఇప్పుడు చెప్పాలి. బళ్లో సైన్సు మాస్టారు, బ్రహ్మచారి, నాకన్నా పన్నెండేళ్లే పెద్ద. యుద్ధం తర్వాత తిరుమలగిరి దగ్గర మిలిటరీ పాత సామాను వేలం వేసినప్పుడు సైడ్‌కారుతో సహా ఒక మోటార్ సైకిల్ కొన్నాడు. వీధంతా దాన్ని ఫట్‌ఫటి అనేది. పచ్చరంగు మీద ఆయన నల్లరంగు పూశాడు గాని ఎండ పడితే కింది పచ్చదనం, టాంకీ మీద మిలిటరీ నంబరు తొంగిచూసేవి. దాన్ని స్టార్ట్ చేయడానికి ఆయన ఎగిరెగిరి కిక్కు కొడుతుంటే వీధి పిల్లలు లెక్కపెట్టేవారు. నాయనమ్మ మొదట్లో దానికి రాకాసి అని పేరు పెట్టింది. ఒకసారి పంటి నొప్పి భరించలేక సైడ్‌కారులో కార్ఖానా బస్తీలో ఉండే డాక్టరు దగ్గరికి పోయొచ్చింది. ఆ గాలికి నొప్పి సగం అక్కడికక్కడే పోయిందట. మర్నాటి ప్రార్థనలో, "ప్రభువా, రాకాసి చక్రాలు కాపాడు" అని వినిపించింది.

సర్కారు మారింది, జనం మొదటిసారి ఓట్లు కూడా వేశారు. ఆ ఎండాకాలంలో పల్నాడు నుంచి వైద్యానికని వచ్చిన చుట్టం ఒకాయన, రత్నమ్మను చూశానని చెప్పాడు. అక్కాచెల్లెళ్లు పుట్టిన పల్లెలోనే, చర్చి వెనక గదిలో ఒక్కతే ఉంటోందట. పిల్లలకు అక్షరాలు దిద్దిస్తోందట. "బాగా చిక్కింది. బలపం పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది" అన్నాడాయన. నాయనమ్మ విననట్టే లేచి వెళ్లి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. కాని మర్నాడు తుమ్ములయ్యాక, మా అందరి పేర్లూ అయ్యాక, నశ్యం డబ్బీ మళ్లీ తెరిచి మూసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆమెకు అలవాటు లేని చిన్న గొంతుతో, "ప్రభువా, నేనో అదో పోకముందు రత్నాన్ని ఇంటికి తెచ్చుకోనియ్యి" అంది.

చాయ్ తాగుతూ నాన్న బస్సు సంగతి ఎత్తబోయాడు. "బస్సు మిర్యాలగూడ దాకే. ఆ తర్వాత ఏట్లో ఈదుకుంటా పోనా?" అంది నాయనమ్మ. "ఒరే దానం, నీ రాకాసి కృష్ణ దాటిద్దా?"

"బల్లకట్టు మీద ఎక్కిస్తే దర్జాగ దాటుతది. వాడపల్లిల మా ఖాసిం ఉన్నడు, నాతోని చదివిండు. ఆడ మకాం పెట్టుకుందం" అన్నాడు చిన్నాయన. ఆయన కళ్లు మెరిసిపోతున్నాయి. నాయనమ్మకు ఆడతోడు ఉండాలన్న వంకతో నన్నూ బయల్దేరదీశారు. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. ఆ రాత్రి నిద్ర పట్టిందని చెబితే అబద్ధం.

తెల్లవారుతుండగా బయల్దేరాం. చిన్నాయన వెనక నేను. సైడ్‌కారులో నాయనమ్మ, ఆమె ఒళ్లో ఆవకాయ జాడీ, కాళ్ల దగ్గర గంజి పెట్టిన తెల్లచీరల మూట. దుమ్ము పడకుండా చిన్నాయన పాత కళ్లద్దాలు ముసుగు మీద నుంచే పెట్టుకుంది. ఎండెక్కాక గొడుగు విప్పింది, అది విప్పిన మరుక్షణం వెనక్కి తిరగబడి ఊచలు మాత్రం మిగిలాయి. దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది తప్ప ముడవలేదు. నల్లగొండ దాటాక నవ్వులాట ఆగింది. మా బండి చప్పుడు వినగానే ఊళ్లలో తలుపులు మూసుకుంటున్నారు. ఆడవాళ్లు బిందెలు బావి దగ్గరే వదిలి లోపలికి పరుగెడుతున్నారు. అంతకు ముందటేడు దాకా అక్కడ కమ్యూనిస్టుల కోసం పెట్టిన మిలిటరీ క్యాంపులుండేవి. అటువంటి బండి అటువంటి చప్పుడుతో ఊళ్లోకి వస్తే ఏం జరిగేదో వాళ్లకు తెలుసు. "ఇంజను ఆపరా" అంది నాయనమ్మ. ఆ తర్వాత ఊరొచ్చినప్పుడల్లా చిన్నాయన ఇంజను ఆపి బండి తోసేవాడు, నేను వెనక నెట్టేదాన్ని, నాయనమ్మ ఊచల గొడుగు పట్టుకుని ముందు నడుస్తూ, "ఏవమ్మా, కాసిని మజ్జిగ ఉంటే పొయ్యండి" అని కేకేసేది. ఆ గొడుగును చూసి తలుపులు ఓరగా తెరిచేవారు. కిలకిలా నవ్వి మజ్జిగ పోసేవారు. అలా తోసీ తోసీ వాడపల్లి చేరేసరికి పొద్దు వాలింది.

వాడపల్లి అంటే అప్పట్లో ఒక పాత కోటగోడ, రెండు గుళ్లు, కొన్ని ఇళ్లు, ఎటు చూసినా నీటి చప్పుడు. మా హైదరాబాదు మూసీ ఇంత దూరం నడిచొచ్చి అక్కడ కృష్ణలో కలుస్తుంది. ఊళ్లో మురికి మోసుకుపోయే మూసీ ఇక్కడ ఇసకలో పారి పారి తేటగా ఉంటే నాయనమ్మ చూసి ఆశ్చర్యపోయింది. రేవు దగ్గరే ఖాసిం సైకిల్ షాపు, వెనక వాళ్లిల్లు. వాళ్లమ్మ బీబమ్మ మమ్మల్ని చూస్తూనే, "రాండి అక్కా, ఎండల వడి వచ్చిన్రు, జెర కాళ్లు కడుక్కోండి" అని చేద అందించింది. ఆ పూట మామిడికాయ వేసిన చేపల పులుసు, జొన్నరొట్టెలు పెట్టింది. ఆ పులుసు వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. పోలీసు యాక్షన్ నాడు బీబమ్మ వాళ్లు ప్రాణాలరచేత పెట్టుకుని అదే ఏరు దాటి పల్నాడులో చుట్టాలింట్లో కొన్నాళ్లు దాక్కున్నారట. "మీ చెల్లె కూడ భయంతోనే ఆ ఒడ్డుకు పాయె, మేము కూడ భయంతోనే పోతిమి. గాని మేము తిరిగొస్తిమి" అంది బీబమ్మ. తెల్లవారుజామున ఆమె నమాజుకు లేచే వేళకే నాయనమ్మ తుమ్ములు మొదలయ్యేవి. ఒకరు వసారా ఈ చివర, ఒకరు ఆ చివర, ఎవరి దేవుడితో వాళ్లు మాట్లాడుకుని, తర్వాత ఇద్దరూ ఒకే పొయ్యి ముందు కూర్చుని చాయ్ కాచుకునేవారు.

చేరిన మర్నాడే బండిని బల్లకట్టు ఎక్కించాం. రెండు పడవలను జతకట్టి మీద పలకలు పరిచిన ఆ బల్లకట్టు మీద మా ఫట్‌ఫటి, రెండెడ్ల బండి, ఓ మేకల మంద. ఎడ్లకు ఇంజను కంపు నచ్చలేదు, మేకలకు నాయనమ్మ చీర అంచు బాగా నచ్చింది. అవతలి ఒడ్డున బండలు, తుప్పలు, మధ్య మధ్య మిరప చేల గుండా బండిబాట. ఆ పల్లె చేరేసరికి ఊరంతా మా వెనకే ఉంది. చర్చి వెనక గది గుమ్మంలో చిన్ననాయనమ్మ నిలబడి ఉంది. చుట్టం చెప్పింది నిజమే, ఎముకల గూడులా అయిపోయింది. ఒక్కసారి మమ్మల్ని చూసింది, లోపలికి పోయి గడియ పెట్టుకుంది. నాయనమ్మ తలుపు తట్టింది. "రత్నం, నేనే" అంది.

లోపలి నుంచి ఆ లోతు గొంతు, "ఆమె ఇంటికి ఆమెను పొమ్మనండి" అంది. మాతో చెప్పినట్టు కూడా చెప్పలేదు, ఎవరో మూడోవాళ్లతో చెప్పినట్టు చెప్పింది. నాయనమ్మ ఆవకాయ జాడీ గడప మీద పెట్టి తిరిగొచ్చేసింది.

ఆ తర్వాత ఆమె రోజూ ఏరు దాటేది, రోజూ ఆ తలుపు తట్టి తిరిగొచ్చేది. మధ్య వేళల్లో మేం ఊరుకున్నామా? చిన్నాయన, నేను బండేసుకుని అటు కొండల్లోకి, ఇటు మూసీ ఇసకలోకి తిరగని చోటు లేదు. రాళ్లలో ట్యూబు పగిలితే ఖాసిం సైకిల్ అతుకులు వేసేవాడు. వాటిలో సగం దారిలోనే ఊడేవి, మళ్లీ తోసుకుంటూ వచ్చేవాళ్లం. ఆ ఇసకలోనే చిన్నాయన నాకు బండి నేర్పాడు. "క్లచ్ మెల్లగ వదులు. మెల్లగంటే గట్ల గాదు! పరేషాన్ గాకు, సైడ్‌కారుంది, పడవు" అనేవాడు. ఒక సాయంత్రం నాయనమ్మ సైడ్‌కారులో కళ్లద్దాలు పెట్టుకుని కునికిపాట్లు పడుతుంటే నేనే నడిపాను. మలుపు తిప్పడం రాక నేరుగా మూసీ నీళ్లలోకి దింపాను. నీళ్లు ఒళ్లోకొచ్చాక ఆమె లేచి, "ఎస్తేరే కదా తోలింది? రేపు దేవుడితో చెబుతా ఉండు" అంది. చెప్పింది కూడా. కాని, "పిల్లకు మలుపు తిప్పడం నేర్పు ప్రభువా" అని చెప్పింది, మానిపించమని చెప్పలేదు. ఆ ఒక్క ప్రార్థన కోసం నేనామెను ఎప్పటికీ ప్రేమిస్తాను.

ఒక రోజు జాడీ తిరిగొచ్చింది. చిన్ననాయనమ్మ దగ్గర చదువుకునే పిల్ల రేవు దాకా తెచ్చిచ్చింది. నాయనమ్మ ఆత్రంగా మూత తీసింది. లోపల శుభ్రంగా కడిగి ఉంది, ఖాళీగా. మా ఇళ్లలో ఎవరింటి గిన్నె అయినా తిరిగి పంపేటప్పుడు ఖాళీగా పంపరు, చిటికెడు చక్కెరో చారెడు పప్పో వేసి పంపుతారు. పగవాళ్లింటి గిన్నె అయినా సరే. నాయనమ్మ ఆ ఖాళీ జాడీ ఒళ్లో పెట్టుకుని చీకటి పడే దాకా రేవు మెట్ల మీద కూర్చుంది. "ఇంక తెగిపోయిందిరా దానం" అంది. చిన్నాయనకు బళ్లు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి, తెచ్చిన పెట్రోలు డబ్బాలు కూడా అడుగంటాయి. మర్నాడు ఆదివారం. చర్చికి పోయి, అటు నుంచి అటే ఇంటికి పోదామంది.

గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుంది. ఆ పల్లె చర్చి చిన్న పెంకుల పాక, సున్నం గోడలు, కింద ఈతచాపలు, అటు మగవాళ్లు ఇటు ఆడవాళ్లు. ముందు వరసలో చిన్ననాయనమ్మ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి ముసుగు లాక్కుని గోడవైపు తిరిగింది. ఆ ఎండలో కూడా కోటు తొడుక్కుని ఆరాధన నడిపే ఉపదేశిగారు లేచి, "మన రత్నమ్మ టీచరుగారే ఎప్పుడూ పాట ఎత్తుతారు. గానీ సికింద్రాబాదు నించి పెద్దామె వచ్చుంటే మనం ఎత్తుకోవడం మర్యాదేనా? అమ్మా, తవరు ఎత్తండి" అన్నాడు.

నాయనమ్మ చెంగు చాటున నశ్యం పట్టు పట్టింది. గొంతు సవరించుకుంది. ఎత్తింది. ఎన్నో ఆదివారాలు ఆమె పాట విన్నదాన్ని, అంత పైన ఆమె ఎన్నడూ ఎత్తలేదు. మిద్దె కూడా కాదు, ఆకాశంలో పెట్టింది. జనం అందుకోబోయి ఆగిపోయారు. ఒకాయన దగ్గాడు. పిల్లలు మోచేతులతో పొడుచుకుంటున్నారు. నాయనమ్మ ఒక్కతే పాడుతోంది, గొంతు జీరపోతోంది, మెడ నరాలు తేలాయి, అయినా ఆపదు. చిన్నాయన తల దించుకున్నాడు. నేను చిన్ననాయనమ్మనే చూస్తున్నాను. ఆమె చెయ్యి మోకాలి మీద తాళం వేస్తోంది. ముందు నెమ్మదిగా, తర్వాత విసుగ్గా. రెండో వరస అయింది. మూడో వరసలో నాయనమ్మ గొంతు నిలువునా పగిలింది, అప్పుడు ఆ గోడవైపు నుంచి, తల తిప్పకుండానే, ఆ లోతు గొంతు పాటను కిందికి దించింది. పాక మొత్తం ఒక్కసారిగా ఆమె వెంట దిగింది. సికింద్రాబాదులో ఆ రోజు ఇక్కడే కదా నాయనమ్మ ఆపేసి కూలబడింది. ఈసారి ఆపలేదు. తనూ దిగి, చెల్లెలి గొంతు పక్కన గొంతు చేర్చి, చివరి చరణం దాకా పాడింది.

ఆరాధన అయ్యాక బయట వేపచెట్టు నీడలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ముందు మాట్లాడింది చిన్ననాయనమ్మే.

"ఇన్నేళ్లొచ్చినా నీకు పాట ఎత్తడం రాలేదే అక్కా."

"రాలేదు. అందుకేగా వచ్చా" అంది నాయనమ్మ. తర్వాత ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "ఆ మాట అన్న కాణ్ణించి ఆ ఇంట్లో నాకు ముద్ద సయించలా రత్నం. రావే."

చిన్ననాయనమ్మ నేల చూస్తూ నిలబడింది. "ఆవకాయలో ఉప్పెక్కువేశావ్" అంది.

"వేస్తే వేశాలే. నువ్వు మటుకు జాడీ ఖాళీగా పంపుతావా?"

"ఏసి పంపడానికి గదిలో ఏవుందే అక్కా?" అంది చిన్ననాయనమ్మ.

నాయనమ్మ రెండడుగులు ముందుకేసి ఆ ఎముకల గూడును గట్టిగా కావలించుకుంది. నేనూ ఏడ్చాను. చిన్నాయన అవసరం లేకపోయినా బండి తుడుస్తూ కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో చిక్కు వచ్చింది. సైడ్‌కారులో ఒక్కరే పడతారు. దాన్ని నాయనమ్మ చెల్లెలికిచ్చింది. మరి తను? పట్టుబట్టి చిన్నాయన వెనక సీటెక్కింది. రెండు కాళ్లూ ఒకవైపు వేసి, కొడుకు నడుం పట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని సికింద్రాబాదు దాకా అలాగే వచ్చింది. దారంతా చెల్లెలికి ఏదో చెబుతూనే ఉందట, ఇంజను మోతలో ఆమెకు ఒక్క ముక్కా వినపడలేదట. నా చోటు పోయింది కాబట్టి ఖాసిం నన్ను మిర్యాలగూడ తీసుకెళ్లి తెలిసినవాళ్లతో బస్సెక్కించాడు. ఒళ్లో ఆ జాడీ, దాన్నిండా బీబమ్మ పోసిన బెల్లపు పొడి. జీవితంలో ఆ బస్సు ప్రయాణమంత సంతోషంగా నేను ఏ ప్రయాణమూ చేయలేదు.

షారోన్ ఇదంతా విని, వాళ్ల హెల్మెట్లలో మైకులుంటాయని, ఎంత స్పీడులోనైనా ఒకరి మాట ఒకరికి వినపడుతుందని చెప్పింది. మంచిదే. ఇప్పుడు వాడపల్లి దగ్గర వంతెన ఉంది, చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయట, మేం పొద్దంతా పోయిన దారి వీళ్లు టిఫిను వేళకు పోతారు. ఆడపిల్ల బండి చూసి ఎవరూ నోరు తెరవరు, బండి చప్పుడు విని ఎవరూ తలుపులు మూయరు. ఇవి రెండూ నాకు ఎంతో సంతోషం. మా చర్చిలో కీబోర్డు వచ్చింది, శ్రుతి మీట నొక్కితే వస్తుంది. ఎవరూ పాట ఎత్తనక్కర్లేదు, ఎవరూ దించనక్కర్లేదు. అది సుఖమే గాని, ఆదివారాలు నాకు కొంచెం చప్పగా ఉంటాయి.

పోతూ పోతూ గేటు దగ్గర హెల్మెట్ పెట్టుకోబోయి ఆగి, "అమ్మమ్మా, ఆ రోజు చర్చిల ఆమె కావాలనే అంత హై పాడిందా? లేకపోతే నిజంగనే రాదా?" అని అడిగింది షారోన్.

నేనూ అదే అడిగాను ఒకప్పుడు. నాయనమ్మ నశ్యం పట్టు పట్టి, తుమ్మి, "ఏవో" అంది. చిన్ననాయనమ్మ మారేడ్‌పల్లి ఇంట్లో చాలా ఏళ్లు బతికింది. ఇద్దరూ మళ్లీ ఒకే కంచంలో తిన్నారు, ప్రతి ఆదివారం మళ్లీ పేచీ పడ్డారు. నా ఇల్లు అనే మాట మాత్రం నాయనమ్మ నోట మళ్లీ రాలేదు. చివరికి చెల్లెలే ముందు పోయింది. సమాధుల తోటలో పెట్టెను దించే ముందు పాస్టరుగారు పాట ఎత్తమని నాయనమ్మ వైపు చూశారు. అందరం అలవాటుగా గొంతులు బిగబట్టుకుని నిలబడ్డాం. ఆమె నశ్యం పట్టలేదు. కళ్లు మూసుకుని, లోతుగా, అచ్చం చిన్ననాయనమ్మ శ్రుతిలో ఎత్తింది. మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, ఒక్కరి గొంతూ పగలకుండా చివరి దాకా పాడాం.